స్నానాల గది ఫాల్స్ సీలింగ్‌కు ఐపీ65 డౌన్‌లైట్లు: చలికాలపు చెమ్మను ఎంతవరకు ఆపుతాయి?

డిసెంబరు, జనవరి నెలలు రాగానే పై అంతస్తు ఫ్లాట్లలో, ముఖ్యంగా నేరుగా డాబా కింద ఉన్న స్నానాల గదుల్లో, ఫాల్స్ సీలింగ్ లైట్ల చుట్టూ గోధుమరంగు వలయాలు ఏర్పడుతుంటాయి. హైదరాబాద్‌లోని మా ఇంట్లో ఈ బాధ పడలేక రెండు స్నానాల గదుల్లోనూ పాత లైట్లు తీసివేసి, కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో కొన్న ఐపీ65 రకం (దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె ఇది) గుండ్రటి డౌన్‌లైట్లు, అంటే సీలింగ్ రంధ్రంలో ఇమిడి కిందికి వెలుగునిచ్చే లైట్లు, పెట్టించాము. ఒక చలికాలమంతా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

అంతకుముందు ఒక వాటర్‌ప్రూఫింగ్ సంస్థ వారిని పిలిచి చూపిస్తే, డాబా అంతటికీ కొత్త పూత వేయాలని అంచనా రాసి ఇచ్చి వెళ్లారు. వానాకాలపు ముసురుకు రాని మరక, చినుకైనా పడని జనవరిలో ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం వారి దగ్గర సమాధానం లేదు. ఆ నీరు గీజరు నీళ్ల ఆవిరే. రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు పడిపోయినప్పుడు స్లాబు బాగా చల్లబడుతుంది. పొద్దున్నే వేడినీళ్ల స్నానంతో లేచిన ఆవిరి లైటు చుట్టూ ఉన్న సందులోంచి పైకి చేరి, ఆ చల్లని కాంక్రీటుకు తగిలి బొట్లు కట్టి, తిరిగి జిప్సం బోర్డు మీద పడుతుంది. 24 డిగ్రీల గాలిలో తేమ 70 శాతం ఉంటే చాలు, సుమారు 18 డిగ్రీలకు చల్లబడిన ఉపరితలం మీద నీరు పడుతుంది. స్నానాల గదిలో తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చలి దేశాల ఇళ్లలో ఈ బెడద ఇంకా తీవ్రం కనుక, లైటు గుండా ఎంత గాలి కారుతుందో కొలిచి అమ్మే రకాలు అమెరికాలో ఉన్నాయి. మనం ఐపీ అంకెలతో సరిపెట్టుకోవాలి.

ఐపీ65లో 6 అంటే దుమ్ము చొరబడదని, 5 అంటే నీటి ధారను తట్టుకుంటుందని అర్థం. ఈ లైటు అంచు వెనుక నల్లటి రబ్బరు రింగు ఉంది. స్ప్రింగు క్లిప్పులు బిగిసినప్పుడు అది బోర్డుకు అదుముకుని సందును మూసేస్తుంది. పాత లైట్ల లోపల చేరిన నీటి బొట్లు, చచ్చిన పురుగులు వీటిలో కనబడలేదు. అయితే డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది తప్పక చదవాలి: ఆ రక్షణ ముందు వైపుకు మాత్రమే. వెనుక భాగం ఐపీ20, అంటే నీటి నుంచి ఏ రక్షణా లేనట్టే.

ఒక గదిలో లైట్లు మార్చినంత మాత్రాన సమస్య తీరింది. రెండో గదిలో కొత్త లైట్ల క్లిప్పులకు తుప్పు, లైటుకు కరెంటును సరిచేసి అందించే డ్రైవర్ అనే చిన్న పెట్టె మీద తడి కనిపించాయి. విప్పి చూస్తే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ గొట్టం బయటి గోడ దాకా వెళ్లకుండా ఫాల్స్ సీలింగ్ లోపలే ఆగిపోయి, గదిలోని ఆవిరినంతా అక్కడే వదులుతోంది (కట్టేటప్పుడు ఎవరూ పైకి తొంగి చూడరన్న ధీమా కాబోలు). ఆ గొట్టాన్ని గోడ బయటికి పొడిగించి, స్నానం అయ్యాక కూడా కాసేపు ఫ్యాన్ నడవనిచ్చిన తరువాతనే చెమ్మ ఆగింది. అందుచేత లైటుకు ఐదులో మూడున్నర ఇస్తాను; ధర మామూలు లైటు కన్నా ఎక్కువే, కానీ సందు మూయడంలో దానికి వంక పెట్టలేము.

కొనబోయేవారు పాత రంధ్రం కొలత తీసుకుని దుకాణానికి వెళ్లాలి. రంధ్రం పెద్దదై రబ్బరు రింగుకు బోర్డు అందకపోతే ఐపీ65 పేరుకే మిగులుతుంది.