మోకా పాట్ కావాలా, ఎస్ప్రెస్సో యంత్రం కావాలా?

ఒత్తిడి: చిన్న కప్పులో ఇచ్చే చిక్కటి కాఫీ ఎస్ప్రెస్సో. దానికి దాదాపు 9 బార్ల ఒత్తిడి కావాలి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). మోకా పాట్ అంటే పొయ్యి మీద పెట్టి, ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే పాత్ర. 1933లో ఇటలీలో పుట్టిన ఇది ఇచ్చేది ఒకటి, రెండు బార్లే. కాఫీ చిక్కగానే దిగుతుంది, కానీ పైన ఆ బంగారు నురగ నిలవదు.

ఖర్చు: మోకాకు పొయ్యి చాలు. యంత్రానికి గింజలను పొడిచేసే మంచి గ్రైండరు కూడా కావాలి. నా మాట వింటే ముందు గ్రైండరు మీదే డబ్బు పెట్టండి. 18 గ్రాముల పొడి నుంచి 25-30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ రావాలంటే, పొడి మెత్తదనాన్ని ఇసుమంత అటూ ఇటూ మార్చగలగాలి.

శ్రమ: మోకాను కడిగి ఆరబెడితే సరి. యంత్రంలో నీటిలోని లవణాలు పేరుకోకుండా చూసుకోవాలి.

ప్రమాదం: మంట ఎక్కువైతే మోకా కాఫీ చేదెక్కుతుంది.

పొద్దున ఒక్క కప్పు పాలకాఫీతో తృప్తిపడేవారికి మోకా. పాలు కలపకుండా, అరకు గింజల రుచుల్లో తేడాలు వెతికేవారికి యంత్రం.