వీధిలోనే మిగిలిన ఇళ్లు: మాంట్‌గోమరీ, సెల్మా, జాక్సన్

అట్లాంటాకు ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే మనవాళ్లు తిప్పే చోట్లు దాదాపు ఖాయం. రివర్‌డేల్ గుడి, అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, ఇంకా ఓపిక ఉంటే స్టోన్ మౌంటెన్. ఆ కొండ మీద చెక్కిన ముగ్గురూ బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన పక్షం నాయకులని చాలామందికి తిరిగొచ్చాక కూడా తెలియదు. మా అమ్మ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. అక్వేరియం వద్దంది, మార్టిన్ లూథర్ కింగ్ ఇల్లు చూపించమంది.

కింగ్ పుట్టిన ఇల్లు అట్లాంటాలోనే, ఆబర్న్ ఎవెన్యూలో ఉంది. కానీ 2023 నవంబరులో మరమ్మతులకు మూశారు, మేం వెళ్లిన వసంతానికి ఇంకా తెరవలేదు. మూసిన మరుసటి నెలలో ఒకామె ఆ ఇంటి మీద పెట్రోలు పోస్తుంటే చూడటానికి వచ్చిన యాత్రికులే అడ్డుకున్నారు. మేం బయటి నుంచి చూసి, ఆ ప్రాంగణంలోని గాంధీ విగ్రహం దగ్గర ఒక ఫొటో తీసుకుని అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ దారి పట్టాం. సుమారు 160 మైళ్లు. అలబామాలో గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరితే రోజంతా చేతిలో ఉంటుంది.

మాంట్‌గోమరీలో కింగ్ పాస్టరుగా ఉన్నప్పటి ఇల్లు సౌత్ జాక్సన్ వీధిలో, 309వ నంబరు. 1912లో కట్టిన తెల్లటి చెక్క ఇల్లు, చర్చి తన పాస్టర్లకు ఇచ్చే నివాసం. కింగ్ దంపతులు 1954 నుంచి 1960 వరకు ఇక్కడే ఉన్నారు. బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడానికి నిరసనగా బస్సుల బహిష్కరణ సాగుతుండగా, 1956 జనవరి 30 రాత్రి దీని వరండాలో బాంబు పేలింది. కింగ్ సభలో ఉన్నారు. ఇంట్లో కొరెట్టా, చర్చికి చెందిన ఒక స్నేహితురాలు, రెండున్నర నెలల పసిపాప ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. వరండా గచ్చులో ఆ గుంట ఆనవాలు ఇప్పటికీ ఉంది, పూడ్చేయకుండా ఉంచారు.

ఈ ఇంటిని 2003 నుంచి మ్యూజియంగా నడుపుతున్నది ఆ చర్చి వాళ్లు పెట్టుకున్న ఫౌండేషనే, ప్రభుత్వం కాదు. ఆ తేడా గుమ్మంలోనే తెలుస్తుంది. మాకు ఇల్లు చూపించిన పెద్దావిడ ముందుగా అందరినీ వరండాలో నిలబెట్టి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో అడిగారు. అమ్మ ఇండియా అనగానే, కింగ్ దంపతులు 1959లో మన దేశానికి వెళ్లింది ఈ ఇంట్లో ఉన్నప్పుడేనని గుర్తుచేశారు. వంటింట్లో అడుగుపెట్టాక మాత్రం ఆవిడ గొంతు మారింది. బాంబు పేలడానికి మూడు రాత్రుల ముందు బెదిరింపు ఫోను వచ్చింది. నిద్రపట్టని కింగ్ కాఫీ కాచుకుని ఒంటరిగా ప్రార్థించింది ఈ వంటగదిలోనే. అమ్మ ఇంగ్లిషు నెమ్మదిగా నడుస్తుంది. ఆవిడ అది గమనించి, చెప్పిందే మళ్లీ చెప్పారు, ఈసారి అమ్మ చెయ్యి పట్టుకుని. టికెట్టు నామమాత్రం. వారంలో అన్ని రోజులూ తెరవరు, ముందే ఫోను చేసి కనుక్కోండి.

అదే ఊళ్లో 2018లో తెరిచిన లెగసీ మ్యూజియం చాలా పెద్దది. కొరడా దెబ్బల కాలం నుంచి నేటి జైళ్ల దాకా గుక్కతిప్పుకోనివ్వదు. టికెట్టు అయిదు డాలర్లే, దానితోనే తెల్లజాతి మూకల చేతుల్లో బలైన నల్లవారి స్మారకం కూడా చూడవచ్చు. తప్పకుండా చూడండి. అయితే ఇంటిని ముందు చూడండి, మ్యూజియం చూసి వచ్చాక ఇంకొకరి మాట వినే ఓపిక మిగలదు.

సెల్మా ఇంకో 50 మైళ్లు. 1965లో నల్లవారి ఓటుహక్కు కోసం ఊరేగింపుగా వచ్చినవాళ్లను పోలీసులు చితకబాదిన ఎడ్మండ్ పెటస్ వంతెనను నడిచి దాటాం. 2023 జనవరి సుడిగాలి దెబ్బ ఊళ్లో ఇంకా కనిపిస్తోంది. నన్ను ఇక్కడ ఇబ్బంది పెట్టింది ఒక లేని ఇల్లు. ఆ ఉద్యమంలో కింగ్‌కు ఆశ్రయమిచ్చిన దంతవైద్యుడు సలివన్ జాక్సన్ ఇల్లు ఇక్కడే ఉండేది. ప్రెసిడెంట్ జాన్సన్ ఓటుహక్కు ప్రసంగాన్ని కింగ్ టీవీలో చూసింది అక్కడే. ఆ దంపతుల కుమార్తె ఇంటిని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి అప్పగించారు. 2023లో దాన్ని విడదీసి 800 మైళ్లకు పైగా దూరంలోని మిషిగన్‌కు తరలించారు. 2026లో తెరుస్తామన్నారు. ఇల్లు శిథిలం కాకుండా నిలుస్తుంది, చూసేవాళ్లు లక్షల్లో ఉంటారు, కాదనను. డెట్రాయిట్ చుట్టూ ఉన్న మనవాళ్లకు గంట ప్రయాణం. కానీ సుడిగాలి కొట్టిన పేద ఊరికి బస్సుల్లో మనుషుల్ని రప్పించే ఇల్లు ఒకటి తగ్గింది. నాకు అది సరైన లెక్కగా తోచలేదు.

మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో ఉన్న, నల్లవారి హక్కుల ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్ ఇంటి కథ దీనికి సరిగ్గా ఎదురు. మామూలు నల్లజాతి మధ్యతరగతి కాలనీ. ఇరుగుపొరుగు ఇళ్లలో జనం కాపురం ఉంటున్నారు. కారు అడ్డంగా పెట్టకండి, వాళ్ల వాకిళ్లకు ఫోను ఎక్కుపెట్టకండి. అమ్మ ఇంటి ముందు నిలబడి, ‘‘సింహద్వారం ఏదిరా?’’ అంది. నిజంగానే లేదు. వీధివైపు తలుపు ఉంటే గురి చూసుకోవడం తేలికని, కారు నిలిపే పక్కవైపు నుంచే ద్వారం పెట్టించారు. పిల్లల పరుపులు కిటికీ ఎత్తుకు అందకుండా నేల మీదే. ఇంత చేసినా 1963 జూన్ 12న, అర్ధరాత్రి దాటాక, కారు దిగి ఆ పక్కద్వారం వైపు నడుస్తుండగానే ఎవర్స్‌ను కాల్చారు. తూటా ఆయన్ను దాటి, కిటికీనీ గోడనూ దాటి వంటింటి దాకా వెళ్లింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది పొరుగింటాయనే, తన బండిలో. హంతకుడికి శిక్ష పడింది 1994లో.

భార్య మిర్లీ ఈ ఇంటిని 1993లో టూగలూ కాలేజీకి ఇచ్చారు. 2020లో నేషనల్ పార్క్ సర్వీసు చేతికి వచ్చే దాకా కాలేజీయే కాపాడింది. గదులు చిన్నవి, కొద్దిమందినే లోపలికి పంపుతారు, కాబట్టి వేళలు చూసుకుని వెళ్లండి.

బస సంగతి. మాంట్‌గోమరీ నడిబొడ్డున తీసుకున్న హోటల్లో లిఫ్టు పనిచేయలేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు మూడో అంతస్తు ఇచ్చి, గది మార్చమంటే రేపు చూద్దామన్నారు. జాక్సన్ దారిలో మెరిడియన్ అనే ఊరి దగ్గర హైవే పక్క మోటెల్ సగం ధరకే దొరికింది, శుభ్రంగా ఉంది. యజమాని గుజరాతీ. శాకాహారులమని తెలిసి ఆయన చెప్పిన మాట మీకూ చెబుతున్నా: ఇక్కడి హోటళ్లలో ఆకుకూరలు, చిక్కుళ్లు పంది మాంసం వేసి ఉడికిస్తారు, అడగనిదే ముట్టవద్దు. మేం పులిహోర, పెరుగు పెట్టుకుని వెళ్లాం.

ఒక్క రోజే ఉంటే మాంట్‌గోమరీకి వెళ్లి రండి. రెండు రోజులుంటే సెల్మా వంతెన దాటి జాక్సన్ దాకా పోవచ్చు. సెల్మా నుంచి 200 మైళ్లు, దారిలో కాఫీ దొరికే ఊళ్లు తక్కువ.