పాత దేవిడీ: హోటల్‌కా, కెఫేకా, కాంప్లెక్స్‌కా?

హైదరాబాద్‌లో తాతల నాటి దేవిడీ, అంటే పెద్ద బంగళా, ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒకరోజు ఈ మాట వచ్చి తీరుతుంది. వాటాదారులు ఎక్కువ, వానొస్తే కప్పు కారుతుంది, పైసా ఆదాయం లేదు. ఏం చేద్దాం?

అందరూ ముందు చూపించేది ఫలక్‌నుమా ప్యాలెస్‌నే. నిజాంల కొలువులోని పాయిగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి, అప్పుల పాలై, చివరికి ఆరో నిజాంకు అప్పగించిన ఇల్లది. 2000లో తాజ్ గ్రూపుకు లీజుకిస్తే హోటల్‌గా తలుపులు తెరిచేసరికి 2010 వచ్చింది. అన్నేళ్ల మరమ్మతు భరించే చెయ్యి దొరికింది కాబట్టే 101 మంది కూర్చునే భోజనాల బల్ల మళ్లీ కళకళలాడుతోంది. అంత ఓపిక, అంత డబ్బు మామూలు కుటుంబానికి ఎక్కడివి?

పోనీ, హోటల్ అయితే చాలు ఇల్లు నిలుస్తుందా? నౌబత్ పహాడ్ గుట్ట వాలులో ఉన్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ సంగతి చూడండి. నిజామత్ జంగ్ 1915లో కట్టుకున్నాడు, తర్వాత ఏడో నిజాం కొడుకు మొజంజా ఉన్నాడు, 1955లో రిట్జ్ హోటల్ అయింది. ఊరంతా పేరు మోగింది. హోటల్ మూతపడ్డాక మాత్రం ఏళ్ల తరబడి పట్టించుకున్న నాథుడు లేడు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. వ్యాపారం ఎత్తేసిన మర్నాడు గోడ బాగుచేయించాల్సింది ఎవరు? నేనైతే ముందు ఇదే అడుగుతాను.

కాంప్లెక్స్ సంగతి త్వరగా తేలిపోతుంది. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీలోనే 1951లో మ్యూజియం మొదలైంది. 1968లో అది కొత్త భవనానికి తరలింది. తర్వాత దేవిడీని కూల్చేశారు, ఇప్పుడక్కడ కమాన్లు, దుకాణాలే మిగిలాయి. డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది, ఇల్లు మళ్లీ రాదు. నగర జోనింగ్ నియమాల్లో పాత కట్టడాలకు అండగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో హెరిటేజ్ చట్టం వచ్చింది కానీ, జాబితాలో లేని ఇంటికి దిక్కు ఇంటివాళ్లే.

ఇక బంజారాహిల్స్ బంగళాల్లో వెలిసే కెఫేలు. వాకిట్లో చెట్టు బతుకుతుంది, అద్దె నెలనెలా వస్తుంది. కానీ వంటగది నూనె పొగ, ఏసీ పైపులకు కొట్టే కన్నాలు, కొత్త బాత్రూముల తడి, అన్నీ గోడల మీదే పడతాయి. డంగు సున్నం గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంట్ పూశారా, చెమ్మ లోపలే ఇరుక్కుని, ఒకటి రెండు వానాకాలాలకే పొక్కులు లేచి పెచ్చులూడతాయి. పూసినవాడికి తెలియదు, చెప్పినా వినడు.

అందుకే అద్దె కొంచెం తగ్గినా బొటీక్‌కో, చిన్న ఆఫీసుకో ఇవ్వడం మేలంటాను. కెఫేకే ఇవ్వాల్సి వస్తే, పాత ఇళ్లలో వెనకాల విడిగా ఉండే బావర్చీఖానా(వంటశాల)లోనే పొయ్యి పెట్టాలని, ఇంటిగోడలకు సున్నం తప్ప సిమెంట్ తగలకూడదని, ఖాళీ చేసేముందు కప్పు బాగుచేసి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. అడ్వాన్స్ కొంత తగ్గించుకున్నా ఫర్వాలేదు.