వంశధార సముద్రంలో కలిసేచోట కార్బన్ లెక్క: ఓడ మేలా, ఉపగ్రహం మేలా?

ఆగస్టులో కళింగపట్నం తీరాన నిలబడితే, వంశధార బురద నీళ్లు సముద్రంలో చాలా దూరం చారలా సాగడం కనిపిస్తుంది. ఆ నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటున్నాయా, తిరిగి వదులుతున్నాయా? దీన్ని ఓడతో తేల్చాలా, ఉపగ్రహంతోనా అన్నదే ప్రశ్న.

నీళ్లలో కరిగిన వాయువును ఉపగ్రహం చూస్తుందని చాలామంది అనుకుంటారు. చూడలేదు. 2014లో ఎగిరిన నాసా ఉపగ్రహం ఓసీఓ-2 కూడా గాలిలో ఉన్నదాన్నే కొలుస్తుంది. ఉపగ్రహం చెప్పేది నీటి వేడి, ఉప్పదనం, క్లోరోఫిల్ (నాచులోని పచ్చదనం) రంగు. వాటిని బట్టి కార్బన్ ఎంతుందో లెక్కగట్టాలి. ఆ లెక్కకు ఆధారం మళ్లీ ఓడ కొలతలే.

ఓడలో పద్ధతి నాకు భలే ఇష్టం. కొన్ని మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడి, మూసిన పాత్రలో షవర్‌లా చిమ్ముతారు. కాసేపటికి నీళ్లలోని వాయువు, పాత్రలోని గాలి సమతూకానికి వస్తాయి. ఆ గాలిని తేమ తీసి ఇన్‌ఫ్రారెడ్ మీటర్‌కి పంపుతారు. మోతాదు ముందే తెలిసిన గ్యాస్ సిలిండర్లతో మధ్యమధ్యలో మీటర్‌ని సరిచూస్తారు. ఆ వాయువు పీడనాన్ని మైక్రో అట్మాస్ఫియర్లలో (గాలి పీడనంలో పది లక్షలో వంతు) చెబుతారు; శ్రద్ధగా చేస్తే పొరపాటు 2 లోపే. టెన్షనంతా నీటి వేడి దగ్గరే. ఎండలో పెట్టిన గోలీసోడా ఎలా పొంగుతుందో తెలుసు కదా! పైపులో వస్తూ నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కినా పీడనం దాదాపు 4 శాతం పెరిగి, 400 ఉన్నచోట 416 చూపిస్తుంది. నీళ్లలో ఈ పీడనం గాలిలో కంటే ఎక్కువుంటే సముద్రం వాయువును వదులుతుంది, తక్కువుంటే పీల్చుకుంటుంది. అందుకే ఆ తేడా సరిదిద్దకపోతే పీల్చుకునే సముద్రం వదిలేదానిలా కనిపించవచ్చు.

ఓడకు లోటు ఒకటే, వెళ్లిన దారి తప్ప దానికి మరేదీ తెలియదు. బంగాళాఖాతం మొత్తానికి, రుతువు రుతువుకీ లెక్క కావాలంటే ఉపగ్రహమే గతి. 2022లో ఇస్రో పంపిన ఈఓఎస్-06లో నీటి రంగు, వేడి చూసే పరికరాలు రెండూ ఉన్నాయి.

మన తీరం సంగతి వేరు. వానాకాలంలో మబ్బు పట్టిందంటే రంగు కనపడదు. మబ్బు తెరిపిచ్చినా బురదకీ, నాచుకీ తేడా తెలియడం కష్టం. ఉప్పదనం కొలిచే ఉపగ్రహాల చిత్రంలో ఒక్కో చుక్క వెడల్పు పదుల కిలోమీటర్లు, పైగా ఒడ్డు దగ్గర నేల నుంచి వచ్చే తరంగాలు కలిసి లెక్క పాడవుతుంది. వంశధార, నాగావళి పొంగి నీళ్లు ఎక్కువగా మారే రోజుల్లోనే ఉపగ్రహం చూపు మందగిస్తుంది. నదినీళ్లు ఉప్పదనాన్ని తగ్గిస్తాయి, దాంతో కార్బన్ పీడనం తగ్గవచ్చు; కానీ వాటితో వచ్చే ఆకూ అలమూ కుళ్లి కార్బన్‌ని పెంచుతాయి. ఈ రెండిట్లో ఏది గెలిచిందో అక్కడికి వెళ్లి కొలిస్తేనే తెలుస్తుంది.

కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం తీరాలకు నా ఓటు ఓడకే. పెద్ద ఓడ లేకపోయినా పర్వాలేదు. కళింగపట్నం నుంచీ, చంపావతి కలిసే కోనాడ నుంచీ నెలకోసారి పడవలో తూర్పుగా వెళ్లి, వేడీ ఉప్పదనం రాసుకుని, సీసాల్లో నీళ్లు పట్టాలి. నీళ్లు పట్టేటప్పుడు సీసాలో గాలిబుడగలు చేరకూడదు. సూక్ష్మజీవులు కార్బన్‌ని మార్చకుండా, శిక్షణ ఉన్నవాళ్లు కొద్దిగా మెర్క్యురిక్ క్లోరైడ్ వేసి మూత బిగించాలి. అది విషం, చేతికి గ్లవ్స్ ఉండాల్సిందే. ఆ సీసాలను ల్యాబ్‌లో పరీక్షిస్తే కార్బన్ పీడనం లెక్కగట్టవచ్చు. ఇలా రెండు మూడు వానాకాలాలు గడిచాక ఆ అంకెలను ఉపగ్రహం లెక్కకు జోడిద్దాం.