ప్రీపెయిడ్ మీటర్ల ఇంట్లో రెండు చలికాలాలు: కరెంటు, గ్యాస్ కంపెనీ మారిన అనుభవం

మేము 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక అద్దె ఇంట్లో దిగాం. ఇంటి యజమాని తాళాలతో పాటు కరెంటు మీటరుకు నీలిరంగు ప్లాస్టిక్ కీ ఒకటి, గ్యాస్ మీటరుకు ఏటీఎం కార్డులాంటి కార్డు ఒకటి ఇచ్చారు. మన దగ్గర నెలకోసారి మనిషి వచ్చి, రీడింగు తీసి, బిల్లు చేతిలో పెట్టి వెళ్తాడు. ఇక్కడి ప్రీపెయిడ్ పద్ధతిలో మాత్రం ఆ కీనీ కార్డునీ వీధి చివరి దుకాణానికి తీసుకెళ్లి డబ్బు వేయించుకుని, ఇంటికొచ్చి మీటరులో పెడితేనే దీపం వెలుగుతుంది, ఇంటినీ నీళ్లనూ వేడిచేసే గ్యాస్ బాయిలర్ పని చేస్తుంది.

అలవాటు లేక, ఆ పాత కీ మీదే 20 పౌండ్లు వేయించాను. మీటరు మీద బటన్ నొక్కుతూ ఒక్కొక్క తెరా చూస్తుంటే బాకీ అని ఒక అంకె, వారానికి ఇంత చొప్పున కోత అని మరొక అంకె కనిపించాయి. అది మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ల బాకీ. అది మేము కట్టవలసింది కాదు, కానీ మీటరుకు మనుషులు తెలియరు గదా. కంపెనీకి ఫోన్ చేసి, అద్దె ఒప్పందం, ఇంట్లో దిగిన తేదీ, ఆ రోజు తీసిన రీడింగుల ఫొటోలు పంపితే బాకీ తీసేసి, కొత్త కీ, కొత్త కార్డు పంపారు. కోసిన డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలకు పైగా పట్టింది. ఆ ఫొటోలు లేకపోతే ఎంత తిప్పలు పడేవాళ్లమో చెప్పలేను. అందుకే ఇలాంటి ఇంట్లో దిగేవాళ్లు సామాను సర్దుకోవడానికి ముందే మీటరు ఫొటో తీసుకోవాలి. కొత్త కీ వచ్చేదాకా, వీలైనంత వరకు, పాత కీ మీద డబ్బు వేయించవద్దు.

వాడినా వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ ఛార్జీ సంగతి వేసవిలో తెలిసింది. 2024లో ఐదు వారాలు గుంటూరు వెళ్లి వచ్చాం. ఆ ఐదు వారాలూ గ్యాస్ ఒక్క యూనిట్ కూడా కాల్చకపోయినా రోజుకు దాదాపు 30 పెన్నీల లెక్కన ఛార్జీ పేరుకుపోయింది. రాగానే 15 పౌండ్లు వేస్తే అందులో 10 పౌండ్లకు పైగా దానికే పోయాయి. ఊరికి వెళ్లేముందు మీటరులో కొంత నిల్వ ఉంచడం మంచిది.

అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ మారాం. బిల్లు కట్టేది అద్దెవారే అయితే కంపెనీని ఎంచుకునే హక్కు కూడా వాళ్లదే. యజమానికి ఒక మాట చెప్పడం మర్యాద, ఒప్పందం ఒకసారి చదువుకోవడం క్షేమం. ప్రీపెయిడ్ మీటరు మీద బాకీ ఉన్నా, కరెంటుకు, గ్యాస్‌కు విడివిడిగా 500 పౌండ్ల లోపు అయితే దాన్ని కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుని మారవచ్చు. ఈ సంగతి తెలియక పాత కంపెనీనే పట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను, ఎంతో బాధ అనిపించింది. మార్పుకు మాకు ఐదు పనిదినాలు పట్టింది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కొత్త కీ అందిన తర్వాత పాతదాన్ని వాడితే డబ్బు పాత కంపెనీకే పోతుంది.

ధరలో పెద్ద తేడా ఏమీ రాలేదని నిజాయితీగా చెప్పాలి. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2024 ఏప్రిల్ నుంచి ప్రీపెయిడ్ వినియోగదారుల, డైరెక్ట్ డెబిట్ (బిల్లు డబ్బు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే పోయే పద్ధతి) వినియోగదారుల స్టాండింగ్ ఛార్జీలను సమం చేసింది కాబట్టి, ప్రీపెయిడ్ అంటే ఖరీదు అన్న పాత మాట ఇప్పుడు అంతగా నిలవదు. అయితే నిర్ణీత కాలం ధర మారకుండా, తక్కువకు దొరికే పథకాలు ఎక్కువగా డైరెక్ట్ డెబిట్ వాళ్లకే ఉంటాయి. మాకు అసలైన లాభం కొత్త కంపెనీ ఉచితంగా బిగించిన స్మార్ట్ మీటరు. అంతకుముందు జనవరి చలిలో, బాబు నిద్రపోతున్నప్పుడు, గ్యాస్ కార్డు పట్టుకుని దుకాణానికి పరుగెత్తేవాడిని. ఇప్పుడు మంచం మీద నుంచే ఫోన్‌లో డబ్బు వేస్తున్నాను. ఇంకొక వెసులుబాటు, రాత్రివేళ, వారాంతాల్లో డబ్బు అయిపోయినా సరఫరా ఆగదు. ఎమర్జెన్సీ క్రెడిట్ కూడా ఉంది, కానీ అది అప్పే కాబట్టి తర్వాతి టాప్-అప్‌లో కోత పడుతుంది.

లోపం లేకపోలేదు. గ్యాస్ మీటరు మెట్ల కింద అలమారలో ఉండడం వల్ల అప్పుడప్పుడు సిగ్నల్ అందదు. అప్పుడు ఫోన్‌లో వచ్చిన 20 అంకెల సంఖ్యను మీటరు మీద మనమే కొట్టాలి. ఇప్పటికి రెండుసార్లు అలా జరిగింది. రెండోసారి మా ఆవిడ టార్చి పట్టుకుని అంకెలు చదువుతుంటే, నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే నొక్కాను. చివరి అంకె తర్వాత తెర మీద నిల్వ అంకె మారింది, కాసేపటికి బాయిలర్ మళ్లీ మొదలైన చప్పుడు వినిపించింది.