సినిమా గ్రూపు పాసులకు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి (ఈస్ట్, వెస్ట్ గోదావరి రెండువైపుల వాళ్లూ)

అమలాపురం, రావులపాలెం, తణుకు, పాలకొల్లు, భీమవరం వైపు "అందరం కలిసి సినిమా చూద్దాం" అంటూ వాట్సాప్‌లో సీట్లు అమ్మే గ్రూపులకు డబ్బు పంపబోతున్నవారి కోసం ఈ పోస్టు. గ్రూపు పేరు రాయడం లేదు. పేరు మార్చుకోవడం వాళ్లకు ఒక్క నిమిషం పని, పద్ధతి మాత్రం అదే ఉంటుంది.

బేరం ఇలా ఉంటుంది. ఏడాది సభ్యత్వం 1,800 రూపాయలు, నెలకో సినిమా, పాప్‌కార్న్ కూడా అందులోనే. మొదటి నెల హాల్లోనే చూపించారు, కానీ బాల్కనీ అని చెప్పి తెర ముందు వరసల్లో కూర్చోబెట్టారు. రెండోది కల్యాణ మండపంలో, అదీ ఇంటర్వెల్ దాకా. మూడోది వాయిదా, ఆ తర్వాత ఇంకో వాయిదా. డబ్బు అడగడం మొదలయ్యాక గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా తాళం వేశారు. ఇందులో కొన్నవాళ్లు చేసిన పొరపాటు ఒకటే: అడ్మిన్ ఇచ్చిన పాసును టికెట్టు అనుకున్నారు.

షో మొత్తం తీసుకోవడం అనేది ఉన్నదే, అబద్ధం కాదు. కాలేజీలు, కంపెనీలు, అభిమాన సంఘాలు తీసుకుంటూనే ఉంటాయి. అయితే అది హాలు మేనేజరు ఒక్కడి చేతిలో పని కాదండీ. కలెక్షన్లో డిస్ట్రిబ్యూటర్‌కు వాటా ఉంటుంది, ప్రతి షో లెక్కా డీసీఆర్ అనే రోజువారీ కలెక్షన్ల పత్రంలోకి ఎక్కాలి, దానిమీద జీఎస్టీ కట్టాలి. అందుకే హాలు వాళ్లు సాధారణంగా సీట్ల సంఖ్యను రేటుతో గుణించి, అడ్వాన్సు తీసుకుని, అన్నిటికీ టికెట్లు కొట్టి ఇస్తారు. పైగా సినిమా వ్యాపారంలో ఈస్ట్, వెస్ట్ ఇప్పటికీ వేర్వేరు ఏరియాలే. కొత్త జిల్లాలు ఎన్ని వచ్చినా ఆ గీత చెరగలేదు. రావులపాలెంలో మాట్లాడుకున్న షో వంతెన దాటి సిద్ధాంతం, తణుకు వైపు చెల్లదు, అక్కడ డిస్ట్రిబ్యూటర్ వేరే ఉండొచ్చు. "గోదావరి జిల్లాల్లో ఏ హాల్లోనైనా చెల్లే పాస్" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

లెక్క కూడా వేసుకోండి. 400 సీట్ల హాలు, టికెట్టు 150 అనుకుంటే షోకి 60,000 కట్టాలి. ఏదైనా గ్రూపు సీటు 100కే ఇస్తూ పాప్‌కార్న్ కూడా పెడుతోందంటే, మిగతా 20,000 ఎవరి జేబులోంచి వస్తోంది? స్పాన్సర్ అంటారు. ఆ షాపుకి ఫోన్ చేసి అడిగితే తేలిపోతుంది.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. గ్రూపు చెప్పిన తేదీ, ఆట ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లో తెరిచి సీట్ల పటం చూడండి. షో మొత్తం తీసుకుని ఉంటే అమ్మకానికి సీట్లు కనిపించకూడదు. వరసలకు వరసలు ఖాళీగా కనిపిస్తే హాలు వాళ్లకు ఆ సంగతే తెలీదన్నమాట. ఆన్‌లైన్‌లో లేని చిన్న హాలైతే బుకింగ్ కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఆ ఆట ఎవరి పేరున తీశారని అడగండి. అడ్మిన్ పంపిన మేనేజరు నంబరుకి మాత్రం ఫోన్ చేయొద్దు. అటువైపు ఉండేది అడ్మిన్ బావమరిదే కావచ్చు.

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు మరీ జాగ్రత్త. బస్సు దిగి స్నానం చేసి నేరుగా హాలుకే వెళ్లాలని ముందే డబ్బు పంపేస్తారు, ఈ గ్రూపులకు కావలసింది అలాంటివాళ్లే. ఆంధ్రాలో పెద్ద సినిమాకు రేటు పెంచాలన్నా, అదనపు షో వేయాలన్నా ఏ సినిమాకు ఆ సినిమాకు ప్రభుత్వం విడిగా అనుమతి ఇవ్వాలి. అది చాలాసార్లు విడుదలకు కొద్ది రోజుల ముందుగానీ రాదు. అనుమతి వచ్చాకే బెనిఫిట్ షో బుకింగ్ తెరుస్తారు. మూడు వారాల ముందే వరస, సీటు నంబరుతో సహా అమ్ముతున్నారంటే ఆ సీటు ఇంకా పుట్టలేదు. ఇక క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ సంగతి: ఒకే కోడ్‌ను పదిమందికి పంపొచ్చు, గేటు దగ్గర ముందు స్కాన్ చేయించుకున్నవాడే లోపలికి వెళతాడు. మిగతావాళ్లు గేట్‌మన్‌తో గొడవపడి లాభం లేదు.

పాసు మీద "జీఎస్టీ అదనం" అని 18 శాతం వేస్తున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయలు, అంతకులోపు సినిమా టికెట్టుకు 5 శాతం, పైన ఉంటే 18. ఆ పన్ను హాలు వాళ్ల టికెట్టు రేటులోనే కలిసి ఉంటుంది. గ్రూపు విడిగా వసూలు చేస్తే రసీదు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, ఆంధ్రప్రదేశ్‌ది అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరునుందో వస్తుంది.

మండపం షోలలో మోసం కంటే చేతకానితనమే ఎక్కువ, పోయే డబ్బు మాత్రం మనదే. హాల్లో సినిమా ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుగా ఉంటుంది. దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి ఫలానా సర్వర్‌కు, ఫలానా తేదీల మధ్యకే ఇస్తారు. కొత్త సినిమా మండపానికి న్యాయంగా వచ్చే దారి దాదాపు లేదు. అందుకని ఓటీటీ ఖాతానో, పైరసీ కాపీనో వాడతారు. ఓటీటీ యాప్‌ను ల్యాప్‌టాప్ నుంచి చవక హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను రెండుగా చీల్చే పెట్టె) మీదుగా ప్రొజెక్టర్‌కు కలిపితే ఒక్కోసారి కాపీ రక్షణ అడ్డుపడి, మాటలు వినిపిస్తాయి గానీ బొమ్మ రాదు. ఒకవేళ బొమ్మ వచ్చినా, 3,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టర్‌ను 15 అడుగుల తెర మీద, కిటికీలకు పరదాలు లేని మండపంలో మ్యాట్నీ వేళ వేస్తే ముఖాలు కూడా ఆనవు. కరెంటు పోతే జనరేటరు ఉందా అని అడిగినవాళ్లు తక్కువ.

ఇంటి కోసం తీసుకున్న ఓటీటీ చందా, డబ్బు తీసుకుని పదిమందికి చూపించడానికి చెల్లదు. 1957 కాపీరైట్ చట్టం ఒప్పుకోదు. పైరసీ కాపీ అయితే 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కనీసం మూడు నెలల జైలు, కనీసం 3 లక్షల జరిమానా పడొచ్చు. పోలీసులు సగంలో ఆపేస్తే "మా తప్పు కాదు, రిఫండ్ లేదు" అంటారు. హక్కుదారు ఇచ్చిన అనుమతి పత్రం ముందే చూపించమనండి.

సక్రమంగా నడిచే ఫిల్మ్ సొసైటీలు లేకపోలేదు. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా వాటి జాతీయ ఫెడరేషన్ ఏర్పడిన నాటినుంచీ వాటి పద్ధతి ఒక్కటే: ఏడాది చందా, సభ్యులకే ప్రదర్శన, షోకింత అని టికెట్లు అమ్మరు. మన దగ్గర సంఘమైతే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు, బైలాలు, సంఘం పేరున బ్యాంకు ఖాతా, నంబరు వేసిన రసీదు పుస్తకం ఉంటాయి. డబ్బు పంపేటప్పుడు యూపీఐలో కనిపించే పేరు చూడండి. సంఘం పేరు కాకుండా ఒక మనిషి పేరు వస్తే వెనక్కి రండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు: గ్రూపులోంచి తీసేసినా చాట్‌ను చెరపొద్దు, వెంటనే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. అడ్మిన్ నంబరు, ప్రకటన పోస్టరు, పాసు, 12 అంకెల యూటీఆర్ (డబ్బు పంపిన లావాదేవీ) నంబరు ఒకచోట పెట్టుకోండి. ఏ షోకి ఎంత కట్టారో, ఏది జరగలేదో రాసి, ఏడు రోజుల గడువిచ్చి మెసేజ్ పంపండి. ఫోన్లో అరిస్తే సాక్ష్యం మిగలదు. మనిషి మాయమైతే అది మోసమే, గడువు కోసం చూడకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మనిషి ఉండీ ఇవ్వకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైను, ఆపైన ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు. కట్టిన సొమ్ము 5 లక్షలలోపైతే ఫీజు లేదు, మీరు ఉండే ఊరి పరిధిలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు.

ఈ గొడవ మధ్యలో "రిఫండ్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఇంకో మెసేజ్ వస్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదండీ, పోవడానికే కావాలి.