రోజూ తిరిగే అంబాసిడర్‌కు ఏ క్రౌన్ పినియన్? మూడు సెట్లు వాడి చూశాక

మాది 1986 అంబాసిడర్ మార్క్ 4. 1489 సీసీ పెట్రోల్ ఇంజను, స్టీరింగ్ కిందే గేరు రాడ్డు. నాన్న బండి. పండుగ పూట తుడిచి బయటికి తీసే బండి కాదిది. హన్మకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌కు డ్యూటీకి రోజూ దీంట్లోనే పోతాను, రానూపోనూ 60 కిలోమీటర్లకు పైనే. క్రౌన్ పినియన్ అంటే వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పళ్ల జత, చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో అదే రేషియో. ఇప్పటిదాకా దీనికి మూడు రేషియోలు వాడాను: బండితో వచ్చిన 4.55, తర్వాత 11 నెలలు 3.9, గత ఐదేళ్లుగా 4.3. ఇలాంటి బండి, ఇలాంటి రోడ్డు ఉన్నవాళ్లు ఎవరడిగినా 4.3 దగ్గర ఆగమనే చెప్తాను.

అసలు మార్చాలని ఎందుకనిపించిందంటే, హైదరాబాద్ రోడ్డు నాలుగు వరుసలయ్యాక 80లో పోవడం అలవాటైంది. మా పాత సెట్టులో పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్‌కు 41. ఆ 80 మీద ఇంజను గోల ఎంతుండేదంటే, వెనక సీట్లోంచి అమ్మ ఏదైనా అంటే "ఏందమ్మా?" అని బండి స్లో చేసి వినాల్సి వచ్చేది.

లెక్క ఎవరైనా ఇంట్లో వేసుకోవచ్చు. టైరుకు సుద్దతో గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు ముందుకు తోసి, టేపుతో కొలిచాను. సరిగ్గా 2 మీటర్లు. అంటే 60 వేగంలో చక్రం నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరు డైరెక్టు, అంటే ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే పినియన్ కూడా అన్నే తిరుగుతుంది కాబట్టి ఆ 500ను రేషియోతో గుణిస్తే ఇంజను చుట్లు తెలుస్తాయి. 80 మీద మా బండికి 4.55తో సుమారు 3,040, 4.3తో 2,870, 3.9తో 2,600. కాగితం మీద చూస్తే 3.9ను మించింది లేదనిపిస్తుంది. నేనూ అక్కడే పొరబడ్డాను.

11, 43 పళ్ల సెట్టు దొరికింది, వేయించాను. హైవే మీద నిజంగా హాయిగా ఉంది. మడికొండ దాటి టాప్‌లో పడిందంటే బండి జారినట్టు పోయేది. బాధంతా ఊళ్లోనే. ఈ గేరుబాక్సులో ఫస్టు గేరుకు సింక్రోమెష్ లేదు, అంటే బండి కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు. 4.55 ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్లన్నీ సెకండ్‌లోనే దాటేవాణ్ణి. 3.9తో అదే చోట బండంతా దడదడ కొట్టుకునేది. ఫస్టు వేయక తప్పదు, బండి కదులుతుండగా వేస్తే కిర్రుమంటుంది. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, కొంచెం రేస్ ఇచ్చి, మళ్లీ తొక్కి వేస్తేనే పడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ ముందున్న బస్సు ఆగినప్పుడల్లా ఇదే పని. పైగా ఎత్తు మీద బండి కదలాలంటే క్లచ్ ఎక్కువసేపు సగం నొక్కి పట్టాల్సి వచ్చేది, ప్లేటు కాలిన వాసన క్యాబిన్‌లోకే. చక్రానికి అందే లాగుడు నూటికి 14 పాళ్లు తగ్గింది మరి, ఈ ఇంజనుకు అంత మిగులు బలం లేదు.

మేడారం పోయినప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆరుగురం, డిక్కీలో బెల్లం, వంట సామాను. ములుగు దాకా బాగానే పోయాం. పస్రా దాటి అడవి రోడ్డులో పడ్డాక టాప్ వేస్తే లాగదు, థర్డ్‌లోనే 45 మీద పోవాల్సి వచ్చింది. టాప్ గేరు వాడుకోలేనప్పుడు పొడుగు రేషియో ఉండి ఏం లాభం? తిరిగొచ్చిన వారమే ఆటోనగర్‌లో మా ఉస్తాద్‌కు చెప్పాను. "సార్, గీ ఇంజన్‌కు నడిమిది చాలు. 10-43 చూద్దాం" అన్నాడు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి, చాలామంది దీంట్లో మోసపోతారు. స్పీడోమీటర్ కేబుల్ గేరుబాక్సు నుంచి వస్తుంది, వెనకాల మార్చింది దానికి తెలియదు. 3.9 వేశాక బండి 70లో పోతుంటే ముల్లు 60 చూపించేది. కిలోమీటర్ల మీటరూ అంతే, 100 పోతే 86 అనే రాస్తుంది. మైలేజి పడిపోయిందని నెలంతా కార్బురేటర్ విప్పించి తిప్పలు పడ్డాను. ఫోన్‌లో జీపీఎస్‌తో సరిచూస్తే అసలు మైలేజి పెరిగిందే తప్ప తగ్గలేదు. సరిచేసిన లెక్కలో, నా ఊరు, హైవే కలిపి లీటరుకు 4.55తో 10.2, 3.9తో 10.6, 4.3తో 11 వచ్చింది. ఊళ్లో ఫస్టు, సెకండ్లలో తాగిన పెట్రోలే 3.9ను వెనక్కి లాగింది. 4.3తో ముల్లు 60 దగ్గరుంటే అసలు వేగం 63, 64. అది అలవాటైపోయింది.

పాత బండి కొనేవాళ్లు లోపల ఏ సెట్టుందో అమ్మేవాళ్ల మాట మీద వదలొద్దు. వెనక చక్రాలు రెండూ లేపి న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే రాడ్డు) మీద సుద్ద గీత పెట్టండి. రెండు చక్రాలూ కలిపి ఒక్క చుట్టు తిప్పితే షాఫ్ట్ నాలుగున్నర దాటితే 4.55, నాలుగుంపావు దాటి కొద్దిగా పోతే 4.3, నాలుగుకు కాస్త తక్కువైతే 3.9. ఒక్క చక్రమే లేపితే రెండు చుట్లు తిప్పాలి.

బిగింపు గురించి గట్టిగా చెప్తాను. క్రౌన్, పినియన్ జతగా అరగదీసినవి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ తెచ్చి కలపొద్దు. 4.3 సెట్టును మొదట ఒక షెడ్డులో బిగించారు, పళ్లు ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో తెలియడానికి బ్లూ రంగు రాసి ముద్ర చూడాలి, అది చూడకుండానే మూసేశారు. 55 దగ్గర యాక్సిలరేటర్ వదిలితే చాలు, వెనకనుంచి ఊళ పెట్టినట్టు సౌండ్. రెండు నెలలు విన్నాను. ఉస్తాద్ విప్పి చూస్తే ముద్ర పంటి మధ్యలో లేదు, ఒక కొసకు పడింది. పినియన్ వెనక షిమ్ (సందు సరిచేసే పలుచని రేకు) మార్చి, మళ్లీ బ్లూ రాసి, చేత్తో తిప్పి నాకు చూపించాకే బిగించాడు. కొత్త ఈపీ 90 గేరు ఆయిల్ పోశాం. ఆ రోజు నుంచి చప్పుడు లేదు. దొరికితే విడి పళ్లకన్నా, కేసుతో సహా బిగించి ఉన్న అసెంబ్లీ మొత్తంగా తెచ్చుకోవడమే మేలు. యాక్సిల్ రాడ్లు లాగి, ముందునుంచి నట్లు విప్పితే అది గుండుగుత్తగా బయటికొస్తుంది.

రెండుసార్లు విప్పించిన కూలీ మాత్రం ఇప్పటికీ నొప్పే. తెలిసి ఉంటే నేరుగా 4.3కే పోయేవాణ్ణి. 3.9 సెట్టు వృథా కాలేదు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయొచ్చే ఒకాయన కొనుక్కున్నాడు, ఊళ్లో ఆయన బండి తీయడు, ఆయనకు అది బాగా కుదిరింది. పాత 9-41 సెట్టు గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి స్టోర్ రూమ్‌లో పెట్టాను. నాన్న తిప్పిన పళ్లు అవి, అమ్మబుద్ధి కాలేదు.